పాత ఫోర్ బై ఫోర్ బండి కొనేముందు వీల్ అలైన్‌మెంట్‌ను ఎలా పరీక్షించాలి?

విశాఖపట్నంలో ఒకరు వాడిన థార్‌నో, జిప్సీనో, జిమ్నీనో కొందామని వెళ్లినప్పుడు అమ్మేవారి నోట తరచుగా వినిపించే మాట ఒకటుంది: «నిన్ననే అలైన్‌మెంట్ చేయించామండీ, బండి తిన్నగా పోతుంది.» అలైన్‌మెంట్ అంటే చక్రాల కోణాలను సరిచేయడం; కొనేవారికి ఇది శుభవార్త కాదు. అరకు ఘాట్‌లోనో, పాడేరు వైపు మట్టిదారుల్లోనో తిరిగిన బండికి ఎక్కడ దెబ్బ తగిలింది, ఏ బుష్ (జాయింట్లలోని తొడుగు) అరిగింది, ఇరుసు ఎటు జరిగింది అన్న సంగతులు చాలావరకు చక్రాల కోణాల్లో నమోదై ఉంటాయి. టై రాడ్‌ను (చక్రాలను స్టీరింగ్‌కు కలిపే రాడ్‌ను) రెండు చుట్లు తిప్పితే అందులో కొంత సమాచారం చెరిగిపోతుంది. కాబట్టి మీరు రాబట్టవలసింది సరిచేసిన తరువాతి అంకెలను కాదు, ఎవరూ చెయ్యి పెట్టకముందు బండి చూపించే అంకెలను. కింద చెప్పిన క్రమమంతా ఆ ఉద్దేశంతో పెట్టినదే.

బయలుదేరేముందు ఫోన్‌లో

బండిని చూడబోయే రోజు వరకు అలైన్‌మెంట్ చేయించవద్దని, అడుగుభాగం కడిగించవద్దని అమ్మేవారిని మర్యాదగా కోరండి. చివరిసారి అలైన్‌మెంట్ చేయించినప్పుడు ఇచ్చిన కాగితం ఉందేమో, ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ ఏదైనా వేయించారేమో, టైర్లు కంపెనీ ఇచ్చిన సైజేనో కాదో అడిగి తెలుసుకోండి. ఎత్తు పెంచిన బండి అనగానే వదిలేయనక్కరలేదు. అయితే 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో నమోదైన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదు గనుక, ఆ మార్పు బీమా క్లెయిమ్‌కూ, ఫిట్‌నెస్‌కూ అడ్డం రావచ్చు. అలైన్‌మెంట్ సంగతికి వస్తే, ఎత్తు పెంచిన బండిలో కోణాలు కంపెనీ అంకెలకు దూరంగా ఉండడానికి దెబ్బలు తగిలి ఉండనక్కరలేదు. ఈ విషయం ముందే తెలిస్తే తరువాత అంకెలను సరిగ్గా చదవగలుగుతారు.

బండి ఇన్నేళ్లూ ఎక్కడ నిలబడిందో కూడా అడగండి. ఏపీ 31 నంబరు ఉంటే అది విశాఖ జిల్లాలో నమోదైనదని తెలిసేది. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 సిరీస్ వచ్చాక నంబరు చూసి ఊరు చెప్పలేము. ఆర్‌సీలోని చిరునామా, సర్వీసు రికార్డులు చూడవలసిందే. సముద్రానికి దగ్గరగా, ఉప్పుగాలిలో ఏళ్ల తరబడి ఆరుబయట నిలిపిన బండిలో టై రాడ్ మరలు, చక్రం వాలును (క్యాంబర్‌ను) సరిచేసే బోల్టులు తుప్పుతో పట్టేస్తాయి. అలాంటి బండికి అలైన్‌మెంట్ తప్పి ఉంటే, సరిచేయడానికి గంట పనికి బదులు టై రాడ్ ఎండ్‌లను కోసి కొత్తవి వేయవలసిన పరిస్థితి రావచ్చు.

ముందు ఇరుసు ఏ రకమో తెలుసుకోవడం

ఈ అడుగును చాలామంది దాటేస్తారు. దీన్ని దాటేస్తే మిగిలిన పరీక్షలకు అర్థం ఉండదు, ఎందుకంటే ఏ కోణాన్ని సరిచేయవచ్చు, ఏది చేయలేము అన్నది ముందు సస్పెన్షన్ నిర్మాణం మీద ఆధారపడి ఉంటుంది.

మారుతి జిప్సీకి ముందూ వెనుకా దృఢమైన ఒకే ఇరుసు, లీఫ్ స్ప్రింగులు ఉంటాయి. 2023లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన జిమ్నీకి కూడా రెండు వైపులా దృఢమైన ఇరుసులే, కాకపోతే కాయిల్ స్ప్రింగులు. పాత మహీంద్రా జీపులూ జిప్సీ కోవలోకే వస్తాయి. ఇలాంటి బండ్లలో ముందు చక్రాలకు మామూలుగా సరిచేయగలిగేది టో ఒక్కటే (టో, క్యాంబర్, క్యాస్టర్‌ల అర్థం కొంచెం కింద చెప్పాను). క్యాంబర్, క్యాస్టర్ కోణాలు ఇరుసులోనే స్థిరంగా ఉంటాయి. అవి తప్పాయంటే ఇరుసు వంగిందనో, కింగ్‌పిన్ బేరింగులు (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే కీలులోవి) అరిగాయనో, బుష్‌లు పోయాయనో, ఎత్తు పెంచినప్పుడు లెక్క చూసుకోలేదనో అర్థం.

2010లో వచ్చిన తొలి థార్ సీఆర్‌డీఈకి ముందు చక్రాలు విడివిడిగా కదిలే సస్పెన్షన్, టార్షన్ బార్లు (స్ప్రింగుల్లా పనిచేసే, మెలితిరిగే ఉక్కు కడ్డీలు) ఉండేవి. 2020 థార్‌కు ముందు డబుల్ విష్‌బోన్‌లతో (ఒక్కో చక్రానికి పైనొకటి, కిందొకటి ఆర్మ్‌లతో) కాయిల్ స్ప్రింగులు, వెనుక మల్టీ లింక్‌తో దృఢమైన ఇరుసు వచ్చాయి. స్కార్పియో, ఫార్చ్యూనర్‌లకు కూడా ముందు విడివిడి సస్పెన్షన్, వెనుక దృఢమైన ఇరుసే. ఫోర్స్ గూర్ఖాకు పాత వాటిలో ముందు దృఢమైన ఇరుసు ఉండేది, 2021 మోడల్ నుంచి విడివిడి సస్పెన్షన్ వచ్చింది. అందుకే గూర్ఖా విషయంలో తయారైన సంవత్సరం తప్పకుండా చూడాలి. విడివిడి సస్పెన్షన్‌లో టోతో పాటు క్యాంబర్, క్యాస్టర్‌లను కూడా మోడల్‌ను బట్టి షిమ్‌లతోనో (పలుచని రేకులతోనో), కామ్ బోల్టులతోనో కొంతవరకు సరిచేసే వీలుంటుంది.

ఈ మూడు మాటల అర్థం తెలియనివారి కోసం క్లుప్తంగా చెప్పాలంటే, పైనుంచి చూసినప్పుడు రెండు ముందు చక్రాల ముందంచులు లోపలికో బయటికో తిరిగి ఉండడం టో, ఎదుటినుంచి చూసినప్పుడు చక్రం లోపలికో బయటికో వాలి ఉండడం క్యాంబర్, పక్కనుంచి చూసినప్పుడు స్టీరింగ్ తిరిగే అక్షం పైభాగం వెనక్కి వాలి ఉండడం క్యాస్టర్. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను తిన్నగా అవడానికి ముఖ్య కారణం క్యాస్టరే.

టైర్లను చేత్తో చదవడం

బండి దగ్గరకు చేరగానే ఇంజిన్ జోలికి పోకుండా ముందు టైర్ల దగ్గర కూర్చోండి. టైరు ఒక్క భుజమే, అంటే లోపలి అంచో బయటి అంచో ఒక్కటే అరిగితే క్యాంబర్‌ను అనుమానించాలి. రెండు అంచులూ అరిగి మధ్యభాగం నిలిచి ఉంటే గాలి తక్కువతో తిప్పినట్టు, మధ్యభాగమే అరిగితే గాలి ఎక్కువైనట్టు. ఇసుకలో దిగినప్పుడు గాలి తగ్గించి, తారురోడ్డు ఎక్కాక మళ్లీ కొట్టించకుండా నడిపేవారి బండ్లలో ఈ రెండంచుల అరుగుదల బాగా కనిపిస్తుంది. అది అలైన్‌మెంట్ దోషం కాదు. అక్కడక్కడ గుంతలు గుంతలుగా అరిగితే షాక్ అబ్జార్బర్లు బలహీనపడ్డాయనో, బ్యాలెన్సింగ్ పోయిందనో అనుకోవాలి.

టో తప్పిన జాడ కంటికి అంత త్వరగా చిక్కదు, చేతికి చిక్కుతుంది. అరచేతిని టైరు వెడల్పు మీదుగా బయటి అంచు నుంచి లోపలికి, మళ్లీ లోపలి నుంచి బయటికి నెమ్మదిగా జరపండి. ఒక దిశలో నున్నగా, మరో దిశలో రంపపు పళ్లలా తగిలితే టో తప్పినట్టే. లోపలి నుంచి బయటికి జరిపినప్పుడు పదునుగా తగిలితే చక్రాలు ముందువైపు లోపలికి ఎక్కువగా తిరిగి ఉన్నాయని, బయటి నుంచి లోపలికి జరిపినప్పుడు తగిలితే బయటికి తిరిగి ఉన్నాయని గుర్తు.

మట్టిదారుల కోసం చేసిన పెద్ద దిమ్మెల టైర్లలో ఇక్కడ ఒక చిక్కుంది. ఆ దిమ్మెల ముందంచు ఒక రకంగా, వెనకంచు మరో రకంగా అరగడం ఆ టైర్ల స్వభావమే. చేతిని టైరు చుట్టుకొలత వెంట జరిపినప్పుడు తగిలే పదును ఇది. వెడల్పు మీదుగా జరిపినప్పుడు తగిలే పదునే అలైన్‌మెంట్‌కు సంబంధించినది. ఈ తేడా తెలియక మంచి బండిని వదులుకున్నవారూ ఉన్నారు, దీన్నే సాకుగా చూపి టో తప్పిన బండిని అంటగట్టినవారూ ఉన్నారు.

టైర్లు కొత్తగా మెరుస్తుంటే పక్కగోడ మీద నాలుగంకెల తేదీ చూడండి. మొదటి రెండంకెలు వారం, చివరి రెండు సంవత్సరం. 3522 అని ఉంటే ఆ టైరు 2022లో 35వ వారంలో తయారైంది. నాలుగు టైర్లూ ఈమధ్యవే అయితే అరుగుదల చరిత్ర మీకు అందకుండా పోయినట్టే గనుక, స్టెప్నీని వదలకండి. టైర్లను మార్చి మార్చి వేసే అలవాటున్న యజమాని అయితే స్టెప్నీ కూడా కొంతకాలం ముందు చక్రంగా తిరిగి ఉంటుంది. పాత టైర్లు ఇంట్లోనో టైర్ల షాపులోనో ఉన్నాయంటే ఓపిక చేసుకుని వాటినీ ఒకసారి చూడండి.

కిందకు వంగి చూడడం

టార్చిలైటు తీసుకుని ముందు భాగం కింద చూడండి. మొదట వెతకవలసింది టై రాడ్ లాక్ నట్టు. చుట్టుపక్కలంతా మట్టి, తుప్పు పట్టి ఉండి ఆ నట్టు మీద మాత్రం రెంచీ గీతలు మెరుస్తుంటే, ఈమధ్యనే ఎవరో సరిచేశారన్నమాట. ఫోన్‌లో మీకు చెప్పిన మాటతో అది పొసగుతుందో లేదో చూసుకోండి. తరువాత టై రాడ్ వెంట ఒక కన్ను మూసి చూడండి. రాళ్ల మీద ఎక్కించిన బండ్లలో ఆ రాడ్ కొద్దిగా విల్లులా వంగి ఉండడం అరుదేమీ కాదు. వంగిన రాడ్‌తో కూడా టో సరిచేయవచ్చు, కాగితం మీద అంకెలు పచ్చగానే, అంటే హద్దుల్లో ఉన్నట్టే, వస్తాయి. కానీ బరువు పడినప్పుడు అది మరింత వంగుతుంది.

లోయర్ ఆర్మ్‌ల అడుగున, క్రాస్ మెంబర్ మీద, ఇరుసు గుండ్రటి పెట్టె మీద గీతలు, నొక్కులు చూడండి. గీతలు ఉండడం నేరం కాదు, ఇలాంటి బండిని ఎవరైనా అందుకోసమే కొంటారు. ఆర్మ్ బిగించే చోట లోహం ముడత పడిందా, వెల్డింగు కొత్తగా పడిందా, ఛాసిస్‌లో ఒక్క చోట మాత్రమే కొత్త నల్లరంగు పూశారా అన్నవి అసలు ప్రశ్నలు. స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ వణుకును అణిచే చిన్న షాక్ అబ్జార్బర్) కొత్తగా మెరుస్తుంటే దృఢమైన ఇరుసున్న బండిలో అనుమానించాలి, ఎందుకంటే అరిగిన జాయింట్ల వల్ల వచ్చే వణుకును కొంతకాలం కప్పిపుచ్చడానికి అదే అన్నిటికంటే చౌకైన మార్గం.

లీఫ్ స్ప్రింగులున్న బండి అయితే కట్టను ఇరుసుకు బిగించిన యూ బోల్టులను, మధ్యలోని సెంటర్ బోల్టును తప్పకుండా చూడండి. సెంటర్ బోల్టు తెగితే ఆ వైపు ఇరుసు ముందుకో వెనక్కో జరుగుతుంది; బండి తిన్నగా పోతున్నా కొంచెం పక్కకు తిరిగి పోతున్నట్టు కనిపిస్తుంది. టార్షన్ బార్లున్న బండిలో ఎత్తు సరిచేసే బోల్టు మరలు రెండు వైపులా దాదాపు సమానంగా బయటికి కనిపించాలి. ఒకవైపు బాగా బిగించి ఉంటే ఆ వైపు కుంగుబాటును అలా కప్పారని అర్థం.

టేపు, దారం చాలు

అలైన్‌మెంట్ మిషన్ దగ్గరకు వెళ్లేముందే చాలా సంగతులు మామూలు కొలత టేపుతో తేలిపోతాయి. సమమైన నేల దొరకడమే ఈ కొండల ఊరిలో కష్టం; అపార్టుమెంటు సెల్లారు గచ్చు ఇందుకు బాగా పనికివస్తుంది. నాలుగు టైర్లలోనూ డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద రాసినంత గాలి కొట్టించి, స్టీరింగ్ తిన్నగా పెట్టి, బండిని కొంచెం ముందుకు నడిపి ఆపండి. రివర్సులో వచ్చి ఆపిన బండిలో కొలతలు తీయకూడదు.

మొదట హబ్ మధ్యభాగం నుంచి పైనున్న మడ్‌గార్డ్ అంచు వరకు నాలుగు మూలలా ఎత్తు కొలవండి. ఒకే ఇరుసు మీద కుడి ఎడమలకు తేడా బాగా ఉంటే స్ప్రింగు కుంగింది, ఇక కోణాలు కూడా ఆ మేరకు తప్పుతాయి. తరువాత ముందు హబ్ మధ్య నుంచి వెనుక హబ్ మధ్యకు రెండు వైపులా కొలవండి. 2020 థార్‌కు ఈ దూరం 2450 మిల్లీమీటర్లు, ఐదు తలుపుల జిమ్నీకి 2590. అంకె కంపెనీ చెప్పినదానితో సరిగ్గా కలవకపోయినా ఫరవాలేదు, ఎందుకంటే చేతి టేపుతో అంత ఖచ్చితత్వం రాదు. రెండు వైపులా సమానంగా ఉండాలన్నదే ముఖ్యం. కొన్ని మిల్లీమీటర్ల తేడాను పట్టించుకోనక్కరలేదు. సెంటీమీటరు దాటిన తేడా మాత్రం ముందుభాగానికి తగిలిన దెబ్బనో, వెనుక ఇరుసు జరగడాన్నో చెబుతుంది. ఏ చక్రం తప్పిందో తేల్చడానికి ఛాసిస్ మీద రెండు వైపులా ఒకేలా ఉన్న ఏదైనా రంధ్రం నుంచి ఒక్కో హబ్‌కు కొలవండి.

క్యాంబర్‌ను స్థూలంగా చూడడానికి దారానికి ఒక నట్టు కట్టి, మడ్‌గార్డ్ అంచు నుంచి చక్రం బయటి ముఖానికి ఎదురుగా వేలాడదీసి, దారం నుంచి రిమ్ము పై అంచుకూ కింది అంచుకూ ఉన్న దూరాలు కొలవండి. 16 అంగుళాల రిమ్ము మీద ఒక డిగ్రీ అంటే దాదాపు 7 మిల్లీమీటర్ల తేడా. ఇక్కడ కూడా అంకె కంటే కుడి ఎడమల పోలికే విలువైనది. టో కోసం ముందు టైర్ల మధ్యగీతల దూరాన్ని ఇరుసు ఎత్తులో ముందువైపు ఒకసారి, వెనుకవైపు ఒకసారి కొలిస్తే చాలు; చాలా బండ్లలో ఆ తేడా రెండు మూడు మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. అడుగున ఇరుసు, స్టీరింగ్ రాడ్లు అడ్డం వస్తే మాత్రం ఈ కొలతను మిషన్‌కే వదిలేయడం మేలు.

జాయింట్లలో ఆట (వదులు)

అలైన్‌మెంట్ ఎంత బాగా చేసినా, అరిగిన జాయింట్ల మీద చేస్తే పది కిలోమీటర్లు కూడా నిలవదు. అందుకే మిషన్‌కు ముందు ఈ పరీక్ష. చక్రాలు నేలమీదే ఉంచి, ఇంజిన్ నడుస్తుండగా మీతో వచ్చినవారిని స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా అటూ ఇటూ వెంటవెంటనే తిప్పమనండి. మీరు పక్కన కూర్చుని ఒక్కో టై రాడ్ ఎండ్ మీద, పాన్‌హార్డ్ రాడ్ (ఇరుసు పక్కలకు జరగకుండా పట్టి ఉంచేది) ఉంటే దాని బుష్ మీద చెయ్యి వేసి చూడండి. ఒక భాగం కదిలిన తరువాత దాన్ని ఆనుకుని ఉన్నది ఆలస్యంగా కదిలితే ఆ జాయింట్ పోయినట్టే. చెయ్యి నలగకుండా జాగ్రత్తగా ఉండండి, బండి గేరులో లేదని ముందే నిర్ధారించుకోండి.

తరువాత చక్రాన్ని జాకీతో లేపండి. జాకీ పెట్టే చోటు ముఖ్యం. విడివిడి సస్పెన్షన్‌లో, స్ప్రింగు బరువు లోయర్ ఆర్మ్ మీద పడే బండి అయితే, ఛాసిస్ కింద జాకీ పెట్టి లేపితే స్ప్రింగు ఒత్తిడికి బాల్ జాయింట్ బిగిసిపోయి అందులోని ఆట బయటపడదు. లోయర్ ఆర్మ్ కింద పెట్టి లేపాలి. దృఢమైన ఇరుసు అయితే ఇరుసు కిందే పెట్టండి. మిగిలిన చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, స్టాండు వేసి, ఆ తరువాతే చక్రాన్ని పట్టుకోండి. జాకీ ఒక్కదాని మీద నిలిపిన బండి కిందకు తల పెట్టకూడదు. పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట తగిలితే వీల్ బేరింగు, బాల్ జాయింట్, దృఢమైన ఇరుసులో అయితే కింగ్‌పిన్ బేరింగు. కుడి ఎడమలు పట్టుకుని ఊపితే తగిలేది టై రాడ్‌లది. బ్రేకు తొక్కి పట్టించి మళ్లీ ఊపండి. ఆట మాయమైతే తప్పు వీల్ బేరింగుది, మిగిలితే జాయింట్లది.

రోడ్డు మీద

బయలుదేరేముందు రిమ్ముల లోపలి వైపు ఎండి గట్టిపడిన మట్టిని నీళ్లు కొట్టి కడిగించండి. ఆ మట్టి బరువుకే 60, 80 కిలోమీటర్ల వేగం దగ్గర స్టీరింగ్ వణుకుతుంది, మీరు అదేదో పెద్ద లోపమని భ్రమపడతారు. ట్రాన్స్‌ఫర్ గేరు టూ వీల్ డ్రైవ్‌లోనే ఉందని చూసుకోండి. థార్, జిమ్నీ వంటి బండ్లను ఆరిన తారురోడ్డు మీద ఫోర్ వీల్ డ్రైవ్‌లో నడిపితే మలుపుల్లో స్టీరింగ్ బిగిసి, బండి మొరాయిస్తుంది. అలైన్‌మెంట్‌తో దానికి ఏ సంబంధమూ లేదు.

విశాఖలో టెస్ట్ డ్రైవ్ అనగానే అందరూ బీచ్ రోడ్డు ఎక్కుతారు. ఈ పరీక్షకు, అందులోనూ మధ్యాహ్నం దాటాక, అంతకంటే పనికిరాని రోడ్డు లేదు. రుషికొండ నుంచి భీమిలి వైపు పోతుంటే సముద్రం కుడిచేతి వైపు ఉంటుంది. అటునుంచి వీచే గాలి, గోడలా నిలువుగా ఉండే ఈ బండ్లను ఎడమకు తోస్తుంది. రోడ్డు వాలు కూడా సాధారణంగా ఎడమ అంచువైపే ఉంటుంది. రెండూ కలిసి చక్కటి బండిని కూడా ఎడమకు లాగేదానిలా చూపిస్తాయి. తిరుగు ప్రయాణంలో గాలి కుడికి తోస్తూ వాలును కొట్టివేసేసరికి, నిజంగా ఎడమకు లాగే బండి తిన్నగా పోతున్నట్టు అనిపించవచ్చు.

ఉదయం గాలి లేనప్పుడు, ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి పోయే ఆరు వరుసల జాతీయ రహదారిని ఎంచుకోండి. వెనుక, పక్కల బండ్లు లేని చోట 60 నుంచి 80 మధ్య వేగంలో స్టీరింగ్ మీద చేతులు దాదాపు తాకీ తాకనట్టు ఉంచి, బండి ఎటు జరుగుతుందో చూడండి. చేతులు పూర్తిగా వదలకూడదు. ఎడమకు నెమ్మదిగా, స్వల్పంగా జరగడం రోడ్డు వాలు వల్ల సహజం. కుడికి లాగితే, అది తప్పకుండా లోపమే. బండి క్యాంబర్ ఎక్కువగా బయటికి వాలిన వైపుకు, క్యాస్టర్ తక్కువగా ఉన్న వైపుకు లాగుతుంది. టో తప్పితే సాధారణంగా లాగుడు ఉండదు, స్టీరింగ్ వంకరగా నిలుస్తుంది, టైర్లు తినేస్తుంది. బ్రేకు వేసినప్పుడు మాత్రమే లాగితే అది బ్రేకుల సంగతి.

లాగుడు కనిపిస్తే వెంటనే తీర్పు చెప్పకండి. ముందు టైర్లను కుడి ఎడమలకు మార్చి బిగించి మళ్లీ నడపండి. లాగే వైపు మారిపోతే తప్పు టైరుది, మారకపోతే కోణాలది. దిశ గుర్తు ఉన్న టైర్లకు ఈ మార్పిడి పనికిరాదు.

దృఢమైన ఇరుసున్న జిప్సీ, జిమ్నీ, పాత జీపుల్లో ఇంకొకటి చూడాలి. అదే వేగంలో చిన్న ఎత్తుపల్లం మీదుగా పోయినప్పుడు స్టీరింగ్ అటూ ఇటూ కొట్టుకోవడం మొదలై, బండి వేగం బాగా తగ్గించేదాకా ఆగకపోతే, కింగ్‌పిన్ బేరింగులు, టై రాడ్‌లు, పాన్‌హార్డ్ రాడ్ ఉంటే దాని బుష్‌లు, ఎత్తు పెంచడం వల్ల తగ్గిన క్యాస్టర్ అన్నిటినీ అనుమానించాలి. అలా జరిగినప్పుడు స్టీరింగ్‌తో పోరాడకుండా గట్టిగా పట్టుకుని నెమ్మదిగా వేగం తగ్గించండి.

చివరగా సింహాచలం కొండ ఘాట్ ఎక్కి దిగండి. గట్టి మలుపు తిరిగాక చేతిపట్టు సడలిస్తే స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావాలి, అదీ రెండు వైపులా ఒకేలా రావాలి. ఒకవైపు మందకొడిగా వస్తే ఆ సంగతి గుర్తుంచుకోండి, మిషన్ దగ్గర క్యాస్టర్ అంకెను చూసేటప్పుడు అది ఉపయోగపడుతుంది. పెద్ద టైర్లు వేసిన బండి అయితే స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు టైరు ఎక్కడైనా రాసుకుంటోందేమో కూడా ఇక్కడే తెలుస్తుంది.

మిషన్ దగ్గర

ఇంతవరకూ బండి నచ్చితే, మీ ఖర్చుతో, మీరు ఎంచుకున్న చోట నాలుగు చక్రాల అలైన్‌మెంట్ పరీక్ష చేయించండి. గాజువాక ఆటోనగర్‌లో గానీ, నగరంలో ఇంకెక్కడైనా గానీ, త్రీడీ మిషన్ ఉన్న చోటికే వెళ్లాలి. లక్షలు పెట్టి కొనే బండికి ఈ పరీక్ష ఖర్చు లెక్కలోది కాదు. అమ్మేవారు తనకు తెలిసిన షాపుకే తీసుకువెళ్తానంటే మర్యాదగా కాదనండి.

పని మొదలుపెట్టేముందే చెప్పండి: «మేస్త్రీగారూ, ఏ నట్టూ విప్పకుండా ముందు రీడింగు తీసి కాగితం ఇవ్వండి. డబ్బులు పూర్తిగానే ఇస్తాను, సరిచేయడం తరువాత చూద్దాం.» ఈ మాట చెప్పకపోతే, అలవాటు కొద్దీ వారు టో సరిచేసి, అంతా పచ్చగా ఉన్న కాగితం చేతిలో పెడతారు. మిషన్‌లో సరైన మోడల్, సంవత్సరం ఎంచుకున్నారో లేదో చూడండి. చక్రాలకు పరికరాలు బిగించాక బండిని కొంచెం వెనక్కి, ముందుకు దొర్లించాలి. రిమ్ము వంకరను లెక్కలోంచి తీసేయడానికి అది అవసరం. ఆ తరువాత స్టీరింగ్‌ను ఒకవైపు, మరోవైపు తిప్పి క్యాస్టర్ కొలవాలి. తొందరలో ఉన్న షాపుల్లో ఈ రెండో పనిని వదిలేస్తారు. పట్టుబట్టి చేయించండి, ఎందుకంటే పాత ఆఫ్‌రోడ్ బండి విషయంలో టో కంటే క్యాస్టర్, దానితో పాటే వచ్చే స్టీరింగ్ అక్షం వాలు (ఎదుటినుంచి చూసినప్పుడు ఆ అక్షం పైభాగం లోపలికి వాలిన కోణం) అన్న అంకెలే ఎక్కువ చెబుతాయి.

కాగితాన్ని చదవడం, ధర మాట్లాడడం

టో ఒక్కటే ఎర్రగా ఉండి మిగిలినవన్నీ హద్దుల్లో ఉంటే నిశ్చింతగా ఉండండి. జాయింట్లు బాగున్నంత వరకు అది చిన్న పని. క్యాంబర్, క్యాస్టర్‌ల విషయంలో ఒక్కో అంకె కంటే కుడి ఎడమల తేడా చూడండి. ఆ తేడా అర డిగ్రీ దాటితే కారణం తెలియాలి. ఎత్తు పెంచిన బండిలో రెండు వైపులా సమానంగా తప్పి ఉంటే అది ఎత్తు వల్ల వచ్చినది. ఒకవైపే తప్పి ఉంటే దెబ్బ వల్ల వచ్చినది అయ్యే అవకాశమే ఎక్కువ.

విడివిడి సస్పెన్షన్ బండిలో దెబ్బ ఎక్కడ తగిలిందో కూడా కాగితమే చెబుతుంది. ఒక్కో వైపు క్యాంబర్‌ను, స్టీరింగ్ అక్షం వాలును కలపండి. రెండు వైపులా ఆ మొత్తాలు సమానంగా ఉండి, విడివిడి అంకెలు మాత్రం తేడాగా ఉంటే ఆర్మ్ గానీ, అది బిగించిన ఛాసిస్ భాగం గానీ జరిగింది. మొత్తమే తేడాగా ఉంటే చక్రాన్ని మోసే నకుల్ వంగింది. నకుల్‌నూ, ఆర్మ్‌నూ మార్చవచ్చు, వాటి ధరలు తెలుసుకుని ఆ మేరకు బేరమాడవచ్చు. ఛాసిస్ జరిగిన బండిని నేనైతే ఎంత తక్కువకు ఇచ్చినా కొనను.

దృఢమైన ముందు ఇరుసులో క్యాంబర్ ఒకవైపు తప్పి, కింగ్‌పిన్ బేరింగుల్లో ఆట లేదని మీరు ముందే చూసి ఉంటే, ఇరుసు వంగిందనే తేలుతుంది. వెనుక ఇరుసుకు త్రస్ట్ యాంగిల్ (వెనుక చక్రాలు బండి మధ్యగీతకు ఎంత వంకరగా చూస్తున్నాయో చెప్పేది) అంకె సున్నాకు దగ్గరగా ఉండాలి. ఉండకపోతే సెంటర్ బోల్టు, యూ బోల్టులు, వెనుక లింకుల బుష్‌లు చూడాలి, ఇవి బాగుచేయదగ్గవే. సెట్‌బ్యాక్ అన్న అంకె ఒక ముందు చక్రం రెండోదానికంటే ఎంత వెనుక ఉందో చెబుతుంది. ఇది ఎక్కువగా ఉండి, మీరు సెల్లారులో టేపుతో తీసిన కొలతతో ఏకీభవించిందంటే, ప్రమాదం జరగలేదన్న మాటను ఇక నమ్మనక్కరలేదు. బీమా క్లెయిముల చరిత్ర అడగండి.

బండి తీసుకోవాలని నిర్ణయిస్తే, అరిగిన జాయింట్లు, బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు ఏవున్నాయో అవన్నీ మార్పించిన తరువాతే అలైన్‌మెంట్ సరిచేయించండి. లీఫ్ స్ప్రింగులు కొత్తగా కట్టిస్తే అవి సర్దుకోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు నడిపి ఆపైన చేయించడం మంచిది. సరిచేయకముందు కాగితాన్నీ, తరువాతి కాగితాన్నీ రెండింటినీ సర్వీసు పుస్తకంలో పెట్టుకోండి. మొదటిసారి అనంతగిరి ఘాట్ మీదుగా అరకు వెళ్లి వచ్చాక అదే మిషన్ మీద మళ్లీ రీడింగు తీయించి ఆ కాగితాలతో పోల్చండి; అంకెలు కదిలాయంటే, మీ చేతికి అందని ఆట ఇంకా ఏదో జాయింట్‌లో మిగిలి ఉందని తెలుస్తుంది.